కొత్త పాయింటు పెట్టే ముందు: ఇంటి వైఫై పరికరం మార్చాలా, వద్దా?

అనంతపురం పీఠభూమిలో ‘పాయింటు’ అన్న మాటకు మొదటి అర్థం బోరు వేయడానికి గుర్తించిన చోటు. పడమటి కనుమల వర్షచ్ఛాయలో ఉండి, ఏటా సగటున 550 మిల్లీమీటర్ల వాన మాత్రమే చూసే ఈ నేల మీద, ఉన్న బోరులో నీళ్లు తగ్గినప్పుడు రైతు ముందు రెండు దారులు నిలుస్తాయి: అరచేతిలో కొబ్బరికాయ పెట్టుకొని నడిచేవారిని గానీ భూగర్భ శాస్త్రం చదివినవారిని గానీ పిలిపించి కొత్త పాయింటు చూపించడం ఒకటి, పాత బోరులోనే మోటారును మరో రెండు పైపులు కిందికి దించి చూడటం రెండవది. మొదటిదానికి అప్పు కావాలి, రెండవదానికి ఓపిక కావాలి. నీటిమట్టమే అడుగంటిందా, మోటారు అరిగిందా, పైపుకు ఎక్కడైనా చిల్లు పడిందా అని తేల్చుకోకుండా కొత్త బోరుకు దిగిన కుటుంబాలు మోసిన అప్పుల భారం ఈ ప్రాంతానికి బాగా తెలుసు.

ఇంట్లో ఇంటర్నెట్‌ను గాలిలోకి పంచే పరికరానికీ ‘యాక్సెస్ పాయింటు’ అనే పేరు ఉండటం కేవలం కాకతాళీయం. అయితే దాన్ని మార్చాలా వద్దా అని ఆలోచించే ఇంటి యజమాని చేసే పొరపాటు మాత్రం అచ్చంగా కొత్త బోరుకు తొందరపడే రైతు చేసే పొరపాటే. రాత్రి వీడియో ఆగిపోయిన కోపంలో, పక్కింటివారు కొత్తది తెచ్చారన్న మాట విని, లేదా డబ్బా మీద పెద్ద అంకె చూసి తీసుకునే నిర్ణయంలో లోపం ఎక్కడ ఉందో తేల్చే ప్రయత్నమే ఉండదు. లోపాన్ని ముందు కొలిచి, దాని చోటు గుర్తించి, ఆ తరువాతే ఖర్చుకు పూనుకొనే అలవాటు ఒక చిన్న వస్తువు విషయంలో అబ్బితే పెద్ద నిర్ణయాలలోనూ అది తోడు వస్తుంది గనుక, వైఫై పరికరాన్ని సాధనగా తీసుకొని ఆ అలవాటును వివరించడం ఈ అధ్యాయం ఉద్దేశం.

ఒకే డబ్బాలో మూడు పనులు

జనం ‘వైఫై డబ్బా’, ‘మోడెం’, ‘రౌటర్’ అని పలు పేర్లతో పిలిచే పరికరం చాలా ఇళ్లలో మూడు వేర్వేరు పనులను ఒక్కటిగా చేస్తుంది. స్తంభం నుంచి వచ్చిన సన్నని గాజు తీగలోని కాంతి మిణుకులను విద్యుత్ సంకేతాలుగా మార్చడం మొదటి పని. దీన్ని చేసే భాగాన్ని ఓఎన్‌టీ అంటారు. ఇంట్లోని ఫోన్లు, టీవీలు, ల్యాప్‌టాప్‌లలో ఏది ఏ సమాచారం అడిగిందో గుర్తుపెట్టుకొని, వచ్చిన జవాబును సరైనదానికి చేర్చడం రెండవ పని. అది రౌటర్ బాధ్యత. ఆ సమాచారాన్ని రేడియో తరంగాలుగా మార్చి గదుల్లోకి వెదజల్లడం మూడవ పని. యాక్సెస్ పాయింటు అనే మాట ఖచ్చితంగా వర్తించేది ఈ మూడవ భాగానికే.

ఈ విభజన తెలియడం వల్ల కలిగే లాభం ఏమిటంటే, ‘నెట్ రావడం లేదు’ అన్న ఒక్క ఫిర్యాదు వెనుక మూడు వేర్వేరు జబ్బులు ఉండవచ్చని అర్థమవుతుంది. ఓఎన్‌టీ మీద ఎల్‌ఓఎస్ అని రాసిన ఎర్ర దీపం వెలిగితే బయటి నుంచి కాంతి చేరడం లేదని అర్థం గనుక, ఆ ఇంటికి ఎంత ఖరీదైన యాక్సెస్ పాయింటు తెచ్చినా ఫలితం ఉండదు. పని తీగను సరిచేసే కేబుల్ ఆపరేటర్‌ది, ఖర్చు సేవాసంస్థది. గోడకు కొట్టిన మేకు దగ్గర గాజు తీగను చురుకుగా మడిచినా కాంతి ఆ మలుపులోనే బయటికి కారిపోతుంది కాబట్టి, ఇంటివారు ముందుగా చూడవలసిన చోట్లలో అది ఒకటి.

కాలువ తలలో నీళ్లు, చివరి ఆయకట్టులో ఎండు

తుంగభద్ర ఎగువ కాలువ తలలో నీళ్లు పారుతున్నంత మాత్రాన చివరి ఆయకట్టు తడుస్తుందన్న భరోసా లేదని అనంతపురం రైతుకు ఒకరు చెప్పనక్కర లేదు. ఇంటర్నెట్‌కూ అదే లెక్క వర్తిస్తుంది: సేవాసంస్థ ఇచ్చే వేగం, ఓఎన్‌టీ దాకా చేరే వేగం, ఫోను చేతిలో ఉన్న గదిలో అందే వేగం అనే మూడు అంకెలు వేర్వేరు, వాటిలో అన్నిటికన్నా చిన్నదే ఆ ఇంటి అసలు వేగం.

మొదటి అంకె విషయంలో ఆంధ్రప్రదేశ్‌కు ఒక ప్రత్యేక చరిత్ర ఉంది. 2017 డిసెంబరు 27న నాటి రాష్ట్రపతి రామ్‌నాథ్ కోవింద్ ప్రారంభించిన ఏపీ ఫైబర్‌నెట్ పథకంలో, భూమిని తవ్వే ఖర్చును తప్పించడానికి గాజు తీగలను ఎక్కువగా విద్యుత్ స్తంభాల మీదుగానే లాగి, స్థానిక కేబుల్ ఆపరేటర్ల ద్వారా టీవీ, టెలిఫోను, ఇంటర్నెట్ మూడింటినీ ఇళ్లకు చేర్చారు. తొలి రోజుల్లో నెలకు 149 రూపాయలకు లభించిన ప్రాథమిక పథకంలో వేగం సెకనుకు 15 మెగాబిట్లు. సెకనుకు 15 మెగాబిట్లు వచ్చే ఇంట్లో 1500 అని రాసిన యాక్సెస్ పాయింటు పెట్టడం, అరించు నీళ్లు పోసే బోరుకు ఆరించుల పైపు బిగించడం వంటిది; పైపు వెడల్పయినందువల్ల భూమిలో నీరు పెరగదు.

వేగం ఎంత కావాలన్న ప్రశ్నకూ అంకెల్లోనే జవాబు ఉంది. భారతదేశంలో బ్రాడ్‌బ్యాండ్ అనిపించుకోవడానికి కావలసిన కనీస వేగాన్ని కేంద్ర టెలికం శాఖ 2023 జనవరిలో సెకనుకు 512 కిలోబిట్ల నుంచి 2 మెగాబిట్లకు పెంచింది. ఒక పూర్తి హెచ్‌డీ సినిమా సాఫీగా నడవడానికి సుమారు 5 మెగాబిట్లు, అత్యంత స్పష్టమైన 4కే చిత్రానికి 15 నుంచి 20 మెగాబిట్లు సరిపోతాయి. అందువల్ల ఇద్దరు సినిమా చూస్తూ, ఒకరు వీడియో పాఠం వింటూ ఉండే సాధారణ కుటుంబానికి 40 లేక 50 మెగాబిట్ల కనెక్షన్ ఇబ్బంది లేకుండా చాలుతుంది. అయితే వినడం, చూడటం మాత్రమే కాక చూపించడం కూడా ఉన్న ఇళ్లలో, అంటే ధర్మవరం పట్టుచీర అంచును వీడియో కాల్‌లో దూరపు కొనుగోలుదారుకు చూపే ఇంటిలాంటి చోట, దిగుమతి వేగంతో పాటు ఎగుమతి వేగాన్నీ, అంటే ఇంటి నుంచి బయటికి వెళ్లే వేగాన్నీ తప్పనిసరిగా కొలవాలి. చీర రంగు అవతలివారికి మసకగా కనిపిస్తోందంటే లోపం సాధారణంగా ఈ ఎగుమతి వేగంలోనే ఉంటుంది.

రాతిగోడ లెక్క

యాక్సెస్ పాయింట్ల మీద వచ్చే సలహాల్లో చాలావరకు పలచని చెక్క గోడలున్న విదేశీ ఇళ్లను, లేదా నగరాల్లోని అపార్ట్‌మెంట్లను మనసులో పెట్టుకొని రాసినవి. అనంతపురం పల్లెల్లోని పాత ఇళ్ల గోడలు నల్లరాతి గుండ్లతో ఒకటిన్నర నుంచి రెండు అడుగుల మందాన లేచినవి. వాటి మీద దూలాలు, బండలు, చౌడు మట్టి పరచిన మిద్దె ఉంటుంది. తరువాతి కాలంలో ఆ మిద్దె స్థానంలోనో పక్కనో ఇనుప కమ్మీల సిమెంటు స్లాబు వచ్చింది. ఎండకాలంలో చల్లగా ఉండటానికి కట్టిన ఆ మందమే రేడియో తరంగానికి పెద్ద అడ్డంకి.

ఆ అడ్డంకిని కొలిచే ప్రమాణం డెసిబెల్. తరంగం బలం 3 డెసిబెల్స్ తగ్గితే సగమవుతుంది, 10 తగ్గితే పదో వంతుకు, 20 తగ్గితే నూరో వంతుకు పడిపోతుంది. కాబట్టి ఒక గోడ 10 డెసిబెల్స్ మింగేదైతే, అలాంటి రెండు గోడల అవతల మిగిలేది నూటికి ఒక వంతు. ఫోను దీనినే ‘డీబీఎం’ అనే కొలతతో మైనస్ అంకెలుగా చూపిస్తుంది: మైనస్ 50 అంటే చాలా బలమైన సంకేతం, మైనస్ 67 దాకా వీడియో కాల్ సాఫీగా నడుస్తుంది, మైనస్ 80 దగ్గర ఫోను మీద గీతలు కనిపిస్తాయి గాని పని జరగదు.

తరంగాల రకం కూడా ఇక్కడ లెక్కకు వస్తుంది. వైఫై ప్రధానంగా రెండు పట్టీల్లో, అంటే రెండు రేడియో పౌనఃపున్య శ్రేణుల్లో నడుస్తుంది: ఒకటి 2.4 గిగాహెర్ట్‌జ్, మరొకటి 5 గిగాహెర్ట్‌జ్. సుమారు 12 సెంటీమీటర్ల తరంగదైర్ఘ్యం గల మొదటి పట్టీ గోడలను కొంత మెరుగ్గా దాటుతుంది, కాని అందులో ఒకదానికొకటి అడ్డురాని ఛానెళ్లు మూడే ఉన్నందువల్ల ఇళ్లు దగ్గరగా ఉన్న వీధుల్లో ఇరుకవుతుంది. తరంగదైర్ఘ్యం 5 సెంటీమీటర్లకు కొంచెం పైన ఉండే రెండవ పట్టీలో చోటు విశాలం, వేగం ఎక్కువ. రాతిగోడ ముందు మాత్రం అది త్వరగా చేతులెత్తేస్తుంది. మొదటి పట్టీని కేంద్రం 2005లోనూ, 5 గిగాహెర్ట్‌జ్ పట్టీలో విశాల భాగాన్ని 2018 అక్టోబరులోనూ లైసెన్సు అక్కరలేని వాడకానికి విడిచిపెట్టింది. 6 గిగాహెర్ట్‌జ్ పట్టీలోని కింది భాగానికి సంబంధించిన ముసాయిదా నిబంధనలు 2025 మేలో వెలువడ్డాయి. ఆ కొత్త పట్టీ తరంగాలు ఇంకా పొట్టివి కాబట్టి, రాతి మిద్దెలో వెనుక గదికి సంకేతం అందని సమస్యకు వాటిలో పరిష్కారం వెతకడం దండగ.

కరవు నేల ఇళ్లలో మరొక అడ్డు కూడా ఉంటుంది. నీళ్లు వచ్చిన రోజున పట్టి నిలవ చేసుకొనే డ్రమ్ములు వరుసగా పెట్టిన వసారా, ఇనుప బీరువాలు ఆనించిన గోడ, పెద్ద అద్దం ఉన్న మూల వైఫైకి అనుకూలమైన చోట్లు కావు. నీరు ఈ తరంగాలను పీల్చుకుంటుంది, ఇనుము వాటిని వెనక్కి కొడుతుంది. డబ్బాను డ్రమ్ముల వెనుక నుంచి ఇవతలికి జరపడానికి రూపాయి ఖర్చు ఉండదు.

కొలత: ఐదు చోట్లు, రెండు వేళలు

నిర్ణయానికి ముందు చేయవలసిన పని ఫిర్యాదును ఒక్క వాక్యంలో రాయడం. ‘నెట్ బాగాలేదు’ అన్న మాటతో ఏదీ తేలదు. ‘రాత్రి 8 గంటలకు పై గదిలో వీడియో పాఠం ఆగిపోతోంది’ అన్న వాక్యంలో వేళ, చోటు, పని అనే మూడూ ఉన్నాయి గనుక దాన్ని పరీక్షించవచ్చు. ఆ తరువాత ఇంట్లో ఐదు చోట్లను ఎంచుకొని, మధ్యాహ్నం ఒకసారి, రాత్రి 8 గంటల ప్రాంతంలో ఒకసారి, ఒకే ఫోనుతో సంకేత బలాన్నీ వేగాన్నీ నోటుబుక్కులో రాసుకోవాలి. సంకేత బలానికి ఆండ్రాయిడ్ ఫోన్లలో దొరికే ఉచిత వైఫై అనలైజర్ ఆప్‌లు, వేగానికి టెలికం నియంత్రణ సంస్థ ట్రాయ్ విడుదల చేసిన మైస్పీడ్ వంటి ఆప్‌లు చాలు. వీలైతే ల్యాప్‌టాప్‌ను తీగతో నేరుగా డబ్బాకు కలిపి ఆరవ కొలత తీయాలి; గాలిని పక్కన పెట్టి, బయటి నుంచి వచ్చే వేగాన్ని మాత్రమే చూపే కొలత అదొక్కటే.

ఉదాహరణకు తూర్పు వాకిలితో, వరుసగా మూడు గదులతో, పైన తరువాత వేసిన ఒక స్లాబు గదితో ఉన్న రాతి ఇంటిని ఊహించుకోవచ్చు. తీగ లోపలికి రావడానికి సులువని ఆపరేటర్ డబ్బాను వాకిలి పక్కన, కరెంటు మీటరు కింద మేకుకు తగిలించి వెళ్లాడని, కనెక్షన్ 50 మెగాబిట్లదని అనుకుంటే, కొలతలు ఇలా రావచ్చు: డబ్బా పక్కన మైనస్ 42, వేగం 48 మెగాబిట్లు, ముందు హాలులో మైనస్ 50, వేగం 47, నడిమి గదిలో మైనస్ 65, వేగం 30, వంటింట్లో మైనస్ 79, వేగం 4, పై గదిలో మైనస్ 83, వేగం 1. డబ్బా పక్కన 48 వచ్చింది కాబట్టి బయటి తీగలో లోపం లేదు, రౌటర్‌లోనూ లోపం లేదు. ఇంకా ఎక్కువ వేగం గల పథకానికి మారినా, ఇంకా ఖరీదైన డబ్బాను అదే మేకుకు తగిలించినా వంటింటి అంకె పెద్దగా మారదు. లోపం రెండు గోడలది, ఒక స్లాబుది. డబ్బాను నడిమి గదిలోకి, తల ఎత్తు కన్నా కొంచెం పైకి మార్చి మళ్లీ కొలిస్తే వంటింటి ఇబ్బంది తీరవచ్చు. తీరనిది మేడ మీది గది ఒక్కటే అవుతుంది. ఇల్లంతటి సమస్య అనుకున్నది ఒక్క గది సమస్యగా తేలడం కొలత చేసే మేలు.

రాత్రి వేళ కొలత వేరే సంగతి చెబుతుంది. మధ్యాహ్నం 48 చూపిన డబ్బా రాత్రి 8 గంటలకు గాలిలో 10 మాత్రమే చూపితే, తీగతో తీసిన కొలతను దానితో పోల్చాలి. తీగలోనూ 10 వస్తే ఒకే గాజు తీగను స్ప్లిటర్ అనే పరికరంతో 32 లేక 64 ఇళ్లకు పంచే పద్ధతిలో గానీ, ఆపరేటర్ దగ్గరి సామర్థ్యంలో గానీ ఇరుకు ఏర్పడిందని అర్థం. అది ఫిర్యాదు చేయవలసిన విషయం. తీగలో 48 వచ్చి గాలిలో మాత్రం 10 వస్తే ఇరుగుపొరుగు డబ్బాలన్నీ ఒకే ఛానెల్ మీద పోటీ పడుతున్నాయని అర్థం. ఛానెల్‌ను 1, 6, 11లలో ఖాళీగా ఉన్నదానికి మార్చడంతో గానీ, ఫోన్లను 5 గిగాహెర్ట్‌జ్‌కు మార్చడంతో గానీ అది తీరుతుంది. పాత డబ్బాలో 5 గిగాహెర్ట్‌జ్ అసలు లేకపోతే, మార్పుకు మొదటి న్యాయమైన కారణం అక్కడ దొరికినట్టే.

డబ్బా మీది అంకెలను చదివే పద్ధతి

వైఫై తరాలను గుర్తించే పేర్లు 2018 దాకా సామాన్యుడికి అంతుపట్టని అక్షరాలుగా ఉండేవి. ఆ ఏడాది వైఫై అలయన్స్ అనే పరిశ్రమ సంఘం వాటికి వరుస అంకెలు ఇచ్చింది: 2009 నాటి ప్రమాణం వైఫై 4, 2013 నాటిది వైఫై 5, ఆ తరువాతిది వైఫై 6, 2024 జనవరిలో వైఫై 7 పరికరాలకు ధ్రువీకరణ మొదలైంది. 1997 నాటి తొలి ప్రమాణంలో గరిష్ఠ వేగం సెకనుకు 2 మెగాబిట్లు మాత్రమేనని గుర్తుచేసుకుంటే ఈ ప్రయాణం ఎంత దూరం సాగిందో తెలుస్తుంది.

అంగడిలో ‘ఏఎక్స్ 1500’ అని రాసిన వైఫై 6 డబ్బా 1500 మెగాబిట్లు ఇస్తుందని నమ్మడం సహజమే కాని, అది రెండు పట్టీల గరిష్ఠ వేగాలను కలిపి వేసిన మొత్తం: 2.4 గిగాహెర్ట్‌జ్‌లో 300, 5 గిగాహెర్ట్‌జ్‌లో 1201. సాధారణంగా ఫోను ఒకే సమయంలో ఈ రెండింటినీ కలిపి వాడుకోదు. వాడుకొనే పట్టీలో కూడా అనుమతులు, తప్పుల సవరణ, వంతుల నిరీక్షణ పోగా చేతికి అందేది సాధారణంగా సగానికి కొంచెం అటూ ఇటూ మాత్రమే. ఆ లెక్కన 300 అని రాసిన పాత వైఫై 4 డబ్బా కూడా, చుట్టూ ఇరుకు లేని పల్లెలో, దగ్గరి గదిలో 50 మెగాబిట్ల కనెక్షన్‌కు సరిపోతుంది.

డబ్బాకు ఉన్న యాంటెన్నాల సంఖ్య మరొక ఆకర్షణ. సంభాషణ రెండు వైపులా సాగవలసినది కాబట్టి, డబ్బా ఎంత గట్టిగా అరిచినా ఫోను గొంతు చిన్నదైతే జవాబు వెనక్కి చేరదు. బ్యాటరీ మీద నడిచే ఫోను తక్కువ శక్తితోనే తరంగాన్ని పంపగలదు గనుక, దూరపు గదిలో గీతలు నిండుగా కనిపించినా వీడియో ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇదే. పరిష్కారం డబ్బాను గట్టిగా అరిపించడం కాదు, దాన్ని ఫోనుకు దగ్గరగా తేవడం.

ఇంట్లోని ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు ఏ తరానికి చెందినవో లెక్క వేయకుండా కొత్త తరం డబ్బా కొనడం కూడా తొందరపాటే. అన్నీ వైఫై 5 పరికరాలైన ఇంట్లో వైఫై 7 డబ్బా వైఫై 5 గానే ప్రవర్తిస్తుంది. వైఫై 6 నిజంగా అక్కరకు వచ్చేది పరికరాల సంఖ్య పెరిగిన ఇళ్లలో: ఒక్కొక్క ఊరి పార్సిల్‌కు ఒక్కొక్క లారీ పంపే బదులు ఒకే లారీలో పలు ఊళ్ల సరుకును సర్ది పంపినట్టు, ఒకే విడత ప్రసారంలో పలు పరికరాల సమాచారాన్ని సర్దే విధానం అందులో ఉంది. కెమెరాలు, టీవీలు, ఫోన్లు కలిపి పదిహేను ఇరవై దాటిన ఇంటికి అది తెలిసే తేడా. నాలుగు ఫోన్ల ఇంటికి తెలియని తేడా.

ఎండ, దుమ్ము, కరెంటు

చాలా ఇంటి రౌటర్ల వివరాల పత్రంలో, పనిచేయగల ఉష్ణోగ్రత 0 నుంచి 40 డిగ్రీల సెల్సియస్ అని రాసి ఉంటుంది. అనంతపురంలో ఏప్రిల్, మే నెలల పగటి ఉష్ణోగ్రత 40 దాటడం మామూలే. రోజంతా ఎండలో కాగిన స్లాబుకు అంగుళాల దూరంలో, గాలి ఆడని చెక్క అరలో, సెట్‌టాప్ బాక్సు మీద పేర్చిన డబ్బా చుట్టూ ఉండే వేడి అంతకన్నా ఎక్కువే ఉంటుంది. వేడెక్కిన పరికరం తనను తాను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటుంది లేదా ఆగి మళ్లీ మొదలవుతుంది. ఎండకాలం సాయంత్రాలలో మాత్రమే వచ్చే ఇబ్బందికి కారణం డబ్బా పాతబడటం అని తేల్చే ముందు, దాన్ని అరలోంచి తీసి, గాలి రంధ్రాల్లోని దుమ్ము దులిపి, ఒక వారం గమనించాలి.

కరెంటు విషయమూ అంతే. హెచ్చుతగ్గుల వోల్టేజీలో ఏళ్ల తరబడి నడిచిన అడాప్టర్, అంటే గోడ ప్లగ్గుకు తగిలించే చిన్న నల్ల డబ్బా, బలహీనపడితే రౌటర్ కారణం లేకుండా ఆగి మొదలవుతున్నట్టు కనిపిస్తుంది. డబ్బా అడుగున రాసిన వోల్టులు, ఆంపియర్లు చూసి, అదే వోల్టేజీ గల, ఆంపియర్లు అంతకు తగ్గని మరో అడాప్టర్‌తో పరీక్షిస్తే జబ్బు తేలిపోతుంది. సరఫరా తరచుగా పోయే ఊళ్లలో రౌటర్‌కు మాత్రమే పనికివచ్చే చిన్న యూపీఎస్ ఒకటి, కొత్త తరం డబ్బా కన్నా ఎక్కువ మేలు చేస్తుంది. డబ్బా ఆగి, మళ్లీ లేచి, గాజు తీగతో సంబంధం కలుపుకొనే కొన్ని నిమిషాల నిరీక్షణ రోజుకు ఎన్నిసార్లు తప్పుతుందో లెక్క వేసుకుంటే ఈ మాటలోని నిజం తెలుస్తుంది. ఊరిలోని ఆపరేటర్ పరికరాలకు కూడా కరెంటు నిలిచి ఉన్నప్పుడే ఈ ఏర్పాటు పనిచేస్తుంది కాబట్టి, ముందు ఆ సంగతి అడిగి తెలుసుకోవాలి.

మార్చక తప్పని సందర్భాలు

ఇంతవరకు చెప్పినదంతా మార్పును వాయిదా వేసే వాదంలా కనిపించవచ్చు గాని, వాయిదా వేయకూడని సందర్భాలూ స్పష్టంగా ఉన్నాయి. మొదటిది భద్రత. యాక్సెస్ పాయింటు కూడా ఒక చిన్న కంప్యూటరే. దానిలోని సాఫ్ట్‌వేర్‌లో బయటపడే లోపాలను తయారీదారు నవీకరణలతో పూడ్చుతూ ఉండాలి. 2004 నుంచి వాడుకలో ఉన్న డబ్ల్యూపీఏ2 అనే రక్షణ పద్ధతిలో 2017లో మాథీ వాన్‌హూఫ్ అనే బెల్జియం పరిశోధకుడు ఒక తీవ్రమైన లోపాన్ని బయటపెట్టినప్పుడు, నవీకరణ అందిన పరికరాలు నిలిచాయి, అందనివి లోపంతోనే మిగిలాయి. ఆ మరుసటి సంవత్సరం డబ్ల్యూపీఏ3 అనే కొత్త పద్ధతి వచ్చింది. బ్యాంకు లావాదేవీలు కూడా ఇంటి వైఫై మీదనే నడిచే రోజుల్లో, తయారీదారు చేయి వదిలేసిన డబ్బా ఎంత వేగంగా ఉన్నా దానికి సెలవు చెప్పడమే వివేకం.

రెండవది, తీగతో కొలిచిన వేగం బాగుండి, డబ్బా పక్కనే గాలిలో కొలిచిన వేగం దానిలో సగం కూడా లేకపోవడం. డబ్బాకు 2.4 గిగాహెర్ట్‌జ్ ఒక్కటే ఉండటం ఇందుకు ఒక కారణం కావచ్చు. మూడవది, కనెక్షన్ 100 మెగాబిట్లను దాటినా డబ్బాకు ఉన్న తీగ రంధ్రాలు 100 మెగాబిట్లకే పరిమితమైనవి కావడం. అప్పుడు నెలనెలా కట్టే డబ్బులో కొంత భాగానికి ఫలితం లేనట్టే. నాలుగవది, వేడి, అడాప్టర్, దుమ్ము అన్నీ సరిచూసిన తరువాత కూడా రోజూ ఆగిపోవడం.

మార్పు అంటే ఏమి కొనడం?

మార్చాలని తేలిన తరువాత కూడా కొత్త డబ్బా కన్నా ముందు పరిశీలించవలసినది తీగ. క్యాట్ 5ఈ రకం తీగ ఒకటి 100 మీటర్ల దాకా సెకనుకు 1000 మెగాబిట్లను మోస్తుంది. రాతిగోడకు దానితో నిమిత్తం లేదు. ఓఎన్‌టీ నుంచి ఆ తీగను కిటికీ పక్కగా పైకి లాగి, మేడ మీది గదిలో మామూలు యాక్సెస్ పాయింటు ఒకటి పెడితే, పైన ఊహించిన ఇంట్లో మిగిలిన ఒక్క సమస్య కూడా తీరుతుంది. ఇంట్లో మూలన పడి ఉన్న పాత రౌటర్‌లో యాక్సెస్ పాయింట్ మోడ్ ఉంటే, నవీకరణలు ఇంకా అందుతుంటే, కొత్తది కొనే పని కూడా ఉండదు.

తీగ లాగడానికి వీలే లేని ఇళ్లకు రెండు దారులు ఉన్నాయి. రిపీటర్ అనేది ఒక తరంగాన్ని విని అదే మాటను మళ్లీ చెప్పే పరికరం. ఒకే పట్టీలో వినడమూ చెప్పడమూ వంతులవారీగా చేయాలి గనుక వేగం సుమారుగా సగానికి పడిపోతుంది. మెష్ అనేది రెండు మూడు డబ్బాలు ఒకే పేరుతో, ఒకే కుటుంబంలా కలిసి పనిచేసే ఏర్పాటు. ఇది రిపీటర్ కన్నా మెరుగైనదే గాని, డబ్బాల మధ్య మాట గాలిలోనే నడిస్తే రాతిగోడ దానికీ అడ్డమే. మంచి సంకేతం అందే చోటుకూ అందని చోటుకూ నడుమ రెండవ డబ్బాను నిలపాలి. ఎండిన చోట మోటారు బిగించినందువల్ల నీళ్లు రానట్టే, సంకేతం చేరని గదిలో రిపీటర్ పెట్టినందువల్ల పంచడానికి దాని దగ్గర ఏమీ ఉండదు.

ఖర్చును వస్తువు ధరగా కాక వాడే కాలపు ధరగా చూడటం మంచి అలవాటు. 3,000 రూపాయల డబ్బా ఐదేళ్లు పనిచేస్తుందనుకుంటే నెలకు 50 రూపాయలు. 10 వాట్ల డబ్బా రేయింబవళ్లు నడిస్తే ఏడాదికి సుమారు 88 యూనిట్ల కరెంటు కాలుతుంది. మూడు డబ్బాల మెష్ పెడితే అది 260 యూనిట్లు దాటుతుంది. తీసేసిన పాత డబ్బాను చెత్తకుప్పలో వేయడం తప్పు. 2023 ఏప్రిల్ 1 నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిర్వహణ నిబంధనల కింద నమోదైన రీసైక్లింగ్ కేంద్రాలకు దాన్ని చేర్చాలి. ఇచ్చివేసే ముందు ఫ్యాక్టరీ రీసెట్ చేసి, అందులోని పాస్‌వర్డులు చెరిపివేయడం మరవకూడదు.

నిర్ణయ క్రమం

పైన వివరించినదాన్ని ఆచరణలో పెట్టేటప్పుడు వరుస మారకూడదు. ముందు ఫిర్యాదు ఒక్క వాక్యంలో రాయాలి. తరువాత ఎర్ర దీపం, మడతపడ్డ తీగ, అడాప్టర్, వేడి చూడాలి. ఐదు చోట్ల, రెండు వేళల్లో కొలవాలి. డబ్బాను ఇంటి నడుమకు, డ్రమ్ములకూ బీరువాలకూ దూరంగా మార్చి మళ్లీ కొలవాలి. ఛానెల్ మార్చి మరోసారి కొలవాలి. సాఫ్ట్‌వేర్ నవీకరణలు అందుతున్నాయో లేదో చూసి, అందకపోతే మిగతా అంకెలతో పని లేకుండా మార్చాలి. నవీకరణలు అందుతూ, ఒక్క గదిలోనే లోపం మిగిలితే తీగ లాగాలి. డబ్బా పక్కనే లోపం మిగిలితే అప్పుడు కొత్త యాక్సెస్ పాయింటు కొనాలి. కొనేది ఇంట్లోని పరికరాల తరానికి, కనెక్షన్ వేగానికి సరిపడేదై ఉండాలి.

ఈ వరుసలో కొనుగోలు చివరి మెట్టు కావడం పిసినారితనం వల్ల కాదు. ముందు మెట్లన్నీ దాదాపు ఖర్చు లేనివి, తప్పు జరిగినా వెనక్కి తీసుకోగలిగినవి. కొనుగోలు ఒక్కటే వెనక్కి రానిది. వెనక్కి తీసుకోలేని అడుగును చివరకు ఉంచాలన్న ఈ సూత్రం బోరుకూ, ఇంటి రుణానికీ, పిల్లల చదువుకు కాలేజీ ఎంచుకోవడానికీ సమానంగా వర్తిస్తుంది. నోటుబుక్కులో ఒక పుట, చేతిలో ఒక ఫోను, మధ్యాహ్నం పదిహేను నిమిషాలు, రాత్రి పదిహేను నిమిషాలు: ఈ అధ్యాయం అడిగే పెట్టుబడి ఇంతే, దీన్ని ఈ రాత్రే మొదలుపెట్టవచ్చు.